ట్రాలీ వెనక ఎర్రలైటు

ట్రాక్టర్ ట్రాలీకి సొంత కరెంటు ఉండదు. వెనక రెండు మూలలా వెలగాల్సిన ఎర్రలైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు అన్నీ ముందున్న ఇంజన్ బ్యాటరీ మీదే ఆధారపడతాయి. కరెంటు బ్యాటరీలో బయలుదేరి, ఫ్యూజు, స్విచ్చు దాటి, హుక్కు దగ్గరి సాకెట్‌లోంచి ట్రాలీ వైరులోకి ఎక్కుతుంది. డబ్బా అడుగున చాసిస్ వెంట వెనకదాకా పోయి, బల్బును వెలిగించి, మళ్లీ బ్యాటరీకి చేరుతుంది. పోవడం సుమారు ఎనిమిది మీటర్లు, రావడం అంతే. ఈ దారిలో ఎన్నో అతుకులు, పిన్నులు, నట్లు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి పట్టు వదిలినా లైటు ఆరిపోతుంది. పైగా వరి పండే ఊళ్ల ట్రాలీ పొలంలోని బురదలో దిగి మరీ రోడ్డెక్కుతుంది.

జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం వరి మండలం. యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. వానాకాలం పంట అక్టోబరు చివర మొదలై డిసెంబరుదాకా ఇంటికి వస్తుంది. హార్వెస్టరు దొరికిన గంటే కోతకు ముహూర్తం కాబట్టి వడ్లు నింపుకున్న ట్రాలీలు కొనుగోలు కేంద్రానికో, మిల్లుకో చాలాసార్లు చీకటి పడ్డాకే బయలుదేరతాయి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ట్రాలీలు, సిరిసిల్ల వైపు వడ్ల ట్రాలీలు తిరిగేదీ ఆ వేళల్లోనే. గంటకు 15, 20 కిలోమీటర్ల వేగంతో పోయే, మట్టిరంగు పట్టిన ఇనుప డబ్బా అది. వెనక 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి బ్రేకు నొక్కేసరికి 25 మీటర్లు, ఆగేసరికి మరో 23 మీటర్లు గడిచిపోతాయి. డిమ్ లైటు వెలుగులో మట్టిరంగు ట్రాలీ కనిపించే దూరం అంతకన్నా తక్కువ ఉండొచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరానికి కనిపించాలని చెబుతున్నాయి. ఆ 155 మీటర్లకు, బైకు ఆగడానికి పట్టే 48 మీటర్లకు మధ్య ఉన్న తేడాయే వెనక వచ్చే మనిషికి మిగిలే ప్రాణపు జాగా. ట్రాలీ లైటు డ్రైవరు దారి చూసుకోవడానికి కాదు, ముక్కూమొహం తెలియని ఇంకొకరి కోసం. ఆరిపోయిన సంగతి డ్రైవరుకు కనపడదు కాబట్టే అది నెలల తరబడి ఆరిపోయే ఉంటుంది.

లెక్క చాలా చిన్నది. ట్రాక్టర్ బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కో గదికి దాదాపు 2.1 వోల్టులు. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తూ చార్జింగ్ పడుతుంటే 13.8 నుంచి 14.4 దాకా లేస్తుంది. బ్రేకు బల్బు 21 వాట్లది, మామూలు టెయిల్ బల్బు 5 వాట్లది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి కాబట్టి బ్రేకు బల్బు 1.75 ఆంపియర్లు, టెయిల్ బల్బు 0.4 ఆంపియర్లు తాగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, దారిలో ఎక్కడ అడ్డంకి ఉంటే అక్కడ కొంత వోల్టేజి ఖర్చైపోతుంది. బల్బుకు మిగిలేది మిగతాదే. ఆ ఖర్చు కాస్తే అయినా వెలుగు మీద దెబ్బ పెద్దగా పడుతుంది. ఫిలమెంటు బల్బుకు 12 వోల్టులకు బదులు 11 అందితే వెలుగులో నాలుగో వంతు పోతుంది, 10 అందితే దాదాపు సగం పోతుంది. కాబట్టి లైటు వెలుగుతోందా లేదా అని చూస్తే చాలదు, ఎంత వెలుగుతోందో చూడాలి.

ఇక తిరుగు దారి. ఇంటి కరెంటులో ఎర్తు అంటే గుంట తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, పైపు పాతడం. బండి ఎర్తుకు నేలతో సంబంధం లేదు, పైగా ట్రాలీ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఇక్కడ ఎర్తంటే ఇనుప బాడీ. బ్యాటరీ నెగటివ్ కొసను ఇంజన్ బాడీకి బిగిస్తారు. బల్బు దాకా ఒక వైరుతో వెళ్లిన కరెంటు బల్బు హోల్డరులోంచి ట్రాలీ ఇనుములోకి దిగి, ఆ ఇనుము గుండానే వెనక్కి వస్తుంది. వైరు మిగులుతుంది, పని సులువవుతుంది. అయితే ట్రాలీ ఇనుము, ఇంజన్ ఇనుము రెండు వేరు ముక్కలు. వాటిని కలిపేది సాకెట్‌లోని ఎర్తు వైరు, అది లేకపోతే హుక్కు పిన్ను.

ట్రాలీ లైట్ల జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఎర్తు వైరు ఎప్పుడో తెగిపోతుంది, లేదా మొదట్లోనే వేసి ఉండరు. అయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఎందుకంటే కరెంటు హుక్కు పిన్ను గుండా తిరిగొస్తోంది. లోడుతో బిగదీసి లాగుతున్నంతసేపు పిన్ను రంధ్రం అంచుకు గట్టిగా ఆనుకుని ఉంటుంది, లైట్లు బాగా వెలుగుతాయి. దిగువకు దిగేటప్పుడు ట్రాలీ ముందుకు నెట్టుకొస్తే పిన్ను రంధ్రంలో వదులవుతుంది, లైట్లు మిణుకుమంటాయి. గ్రీజు పట్టినా, జంగు పట్టినా, కొత్త రంగు వేసినా అంతే. ఖాళీ ట్రాలీకి వెలగని లైటు లోడు వేశాక వెలుగుతోందంటే, గతుకు రోడ్డు మీద ఆరుతూ వెలుగుతూ ఉందంటే, బల్బు మార్చడం దండగ. సాకెట్ ఎర్తు పిన్ను నుంచి ట్రాలీ చాసిస్ దాకా ఒక మందపాటి వైరు వేసి, చాసిస్ దగ్గర రంగును, జంగును ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు పెట్టి బోల్టు బిగించాలి. పైన గ్రీజు పూయాలి. ఇంకా మంచి పద్ధతి, ఇనుమును అసలు నమ్ముకోకుండా రెండు లైట్ల హోల్డర్ల దాకా ఎర్తు వైరును విడిగా లాగడం. నాలుగైదు మీటర్ల వైరు అదనంగా పడుతుంది, అంతకు పది రెట్ల తిప్పలు తప్పుతాయి.

ఎర్తు పోయిందని చెప్పే ఆనవాళ్లలో ఒకటి చూసిన వారిని తికమక పెడుతుంది. ట్రాలీ లైట్లలో చాలావాటికి ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్‌కు, 21 వాట్లది బ్రేకుకు. రెండింటికీ తిరుగు దారి ఒక్కటే, హోల్డరు బాడీ. ఎడమవైపు హోల్డరుకు ఎర్తు తెగిందనుకుంటే, టెయిల్ స్విచ్చు వేసినప్పుడు ఎడమ లైటు మామూలుగానే వెలిగినట్టు కనిపిస్తుంది. తన దారి మూసుకుపోయిన కరెంటు 5 వాట్ల ఫిలమెంటు దాటాక, పక్కనే ఉన్న 21 వాట్ల ఫిలమెంటులోకి వెనకనుంచి దూరి, బ్రేకు వైరు వెంట కుడివైపు బల్బుకు చేరి, అక్కడి ఎర్తులో దిగిపోతుంది. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటు పెద్దగా అడ్డుపడదు. ఇప్పుడు బ్రేకు తొక్కితే ఆ ఎడమ బల్బుకు రెండు కొసలా 12 వోల్టులే ఉంటాయి. తేడా లేనిచోట కరెంటు పారదు, దాంతో లైటు ఆరిపోతుంది. బ్రేకు తొక్కితే పెరగాల్సిన వెలుగు పూర్తిగా మాయమవుతుంది. పగటిపూట, టెయిల్ ఆపి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే మరో వింత: రెండు వైపులా టెయిల్ ఫిలమెంట్లు మసక మసకగా ఎర్రబడతాయి. ఇండికేటరు వేస్తే టెయిల్ కూడా కలిసి కొట్టుకుంటే దానికీ కారణం ఇలాంటి దొంగదారే. స్విచ్చులో ఏదో తేడా వచ్చిందని డ్యాష్‌బోర్డు విప్పేవారు ఉంటారు. చేయి పెట్టాల్సింది వెనక హోల్డరు బోల్టు మీద.

వెతకడానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. 12 వోల్టుల, 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు సోల్డరు చేసి, ఒక కొసకు క్లిప్పు, రెండో కొసకు మేకులాంటి మొన పెడితే టెస్ట్ ల్యాంపు తయారు. మల్టీమీటరు మంచిదే, కానీ ఈ పనిలో ఒక్కటే వాడితే మోసం చేస్తుంది. మీటరు తన కోసం తీసుకునే కరెంటు ఇసుమంత. వైరులో ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా, సాకెట్ పిన్నులో చిలుము పట్టి పది ఓమ్‌ల అడ్డం ఏర్పడినా, ఆ ఇసుమంత కరెంటు దాటిపోతుంది, మీటరు 12 వోల్టులని చూపిస్తుంది. అదే జాగాలో 21 వాట్ల బల్బు పెడితే మూడు నాలుగు వోల్టులకు మించి మిగలవు, ఫిలమెంటు ఎర్రగా మాడినట్టు కనిపించి ఊరుకుంటుంది. సన్నటి తాడు ఖాళీ బకెట్టును తోడుతుంది, నిండు బకెట్టు వేస్తేనే దాని సత్తువ తెలుస్తుంది. మీటరే ఉంటే, లైటు వెలిగి ఉండగా కొలవాలి: ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది వెనక హోల్డరు బాడీకి. సున్నాకు దగ్గరగా రావాలి. ఒక వోల్టు దాటిందంటే తిరుగు దారిలో జబ్బు ఉన్నట్టే.

వైరు సైజు కూడా లెక్కలోకి వస్తుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు 0.034 ఓమ్‌ల అడ్డం ఉంటుంది. ఎనిమిది మీటర్లకు 0.28 ఓమ్. రెండు బ్రేకు బల్బులు 3.5 ఆంపియర్లు లాగితే దాదాపు ఒక వోల్టు వైరులోనే పోతుంది, వెలుగులో నాలుగో వంతు దానితోపాటే పోతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.3 వోల్టుకు దిగుతుంది. సన్నవైరు చవక అనుకోవడం ట్రాలీ విషయంలో సరైన లెక్క కాదు.

వెతుకులాటను మధ్యలో మొదలుపెడితే సగం శ్రమ తప్పుతుంది, ఆ మధ్య అంటే ఇంజన్ వెనకున్న సాకెట్. ట్రాలీ ప్లగ్గు పీకేసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పును సాకెట్ ఎర్తు పిన్నుకు, మొనను ఒక్కో పిన్నుకు ఆనించి, టెయిల్, బ్రేకు, ఇండికేటర్లు ఒకదాని తర్వాత ఒకటి వేయించాలి. అన్నీ కాంతిగా వెలిగితే ఇంజన్‌వైపు అంతా బాగున్నట్టు, జబ్బు ట్రాలీలో ఉన్నట్టు. వెలగకపోతే ట్రాలీ కిందికి దూరాల్సిన పనే లేదు. ఏడు పిన్నుల సాకెట్లకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పసుపు వైరు ఎడమ ఇండికేటరుకు, ఆకుపచ్చ కుడి ఇండికేటరుకు, తెలుపు ఎర్తుకు, ఎరుపు బ్రేకుకు, గోధుమ, నలుపు టెయిల్‌కు. ఊళ్లో రెండు మూడుసార్లు వైరింగ్ మారిన ట్రాలీలో మాత్రం రంగును నమ్మకూడదు, ల్యాంపునే నమ్మాలి. సాకెట్ పిన్నుల్ని దగ్గరగా చూస్తే ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. యూరియా, డీఏపీ బస్తాలు మోసిన ట్రాలీలో ఇది తొందరగా వస్తుంది. ఎరువుల దుమ్ము గాలిలోని తేమను పీల్చుకుని రాగిని, ఇత్తడిని తినేస్తుంది. సన్న గరుకు కాగితంతో రుద్ది, మధ్యలో చీలిక ఉన్న పిన్నును సన్నటి బ్లేడుతో రవ్వంత విచ్చదీస్తే మళ్లీ బిగువుగా పట్టుకుంటుంది. ప్లగ్గు పీకినప్పుడు దాన్ని నేలమీద ఈడ్చుకుపోకుండా ట్రాలీకే ఒక కొక్కెం పెట్టి తగిలించడం చిన్న పనే అయినా సగం చిలుమును ఆపుతుంది.

ట్రాలీలో వైరు తెగేది తరచూ కదిలే చోటే. మలుపు తిరిగినప్పుడల్లా హుక్కు దగ్గర వంగుతుంది. డబ్బా లేపినప్పుడల్లా వెనక కీలు దగ్గర సాగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతూ పోతాయి. రెండు చేతుల వేళ్లతో వైరును కొద్దికొద్దిగా లాగుతూ పోతే, రాగి ఉన్నచోట బిర్రుగా ఉంటుంది, తెగినచోట రబ్బరులా సాగుతుంది. కరెంటు పరీక్ష కన్నా ముందే వేళ్లకు దొరికిపోతుంది. డబ్బా లేపి కింద చూసేటప్పుడు ఒక్క మాట మరవకూడదు: హైడ్రాలిక్ జాకీ మీద నమ్మకంతో కిందికి దూరకూడదు, గట్టి ఇనుప ఆసరా పెట్టాకే దూరాలి. పనిలేని నెలల్లో కొట్టంలో నిలబడ్డ ట్రాలీ వైర్లను ఎలుకలు కొరుకుతాయి. చాసిస్ వెంట వైరును ప్లాస్టిక్ గొట్టంలోంచి లాగితే వాటి బెడద, రాళ్ల దెబ్బ రెండూ తగ్గుతాయి.

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఆ రోజుకు పనిచేస్తుంది, వానాకాలానికి కాదు. టేపు అంచునుంచి నీళ్లు లోపలికి పాకుతాయి, బయటికి రావు. విప్పి చూస్తే రాగి నల్లబడి, పొడిపొడిగా రాలుతుంది. పాడైన భాగం కోసేసి, ఎర్రటి రాగి కనబడేదాకా గీకి, సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే తొడుగు వేస్తేనే అది అతుకు. బ్యాటరీ కొసల మీద తెల్లటి, నీలిరంగు పొక్కులు కడితే తినే సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, వ్యాజిలైన్ రాయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. 12 వోల్టులు షాక్ కొట్టవు, కానీ చేతి కడియం రెండు కొసలకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మాన్ని పట్టుకుంటుంది.

బల్బు దోషం సులువైనది. గాజు లోపల నల్లబడితే, ఫిలమెంటు తెగి వేలాడితే కంటికే తెలుస్తుంది. రెండు ఫిలమెంట్ల బల్బుకు అడుగు భాగం పక్కల ఉన్న రెండు బొడిపెలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, తారుమారుగా దూరకూడదనే అలా చేశారు. బలవంతంగా తిప్పి పెడితే టెయిల్ వేసినప్పుడు బ్రేకు ఫిలమెంటు వెలుగుతుంది, ఇక బ్రేకు తొక్కినా వెనకవాళ్లకు తేడా తెలియదు. హోల్డరు అడుగున స్ప్రింగు జంగు పట్టి కూరుకుపోయినా కొత్త బల్బు వెలగదు.

ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. పాత ఫ్లాషరులో కరెంటు వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఉంటుంది. ఒక బల్బు పోతే వేడి చాలక అది నెమ్మదిస్తుంది, లేదా వెలిగి అలాగే ఉండిపోతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు దీనికి ఎదురు, బల్బు పోతే గబగబా కొట్టుకుంటుంది. రెండూ చెబుతున్నది ఒకటే: వెనక ఏదో బల్బు పోయింది, దిగి చూడు అని.

ఫ్యూజు పదే పదే పోతుంటే అది షార్ట్. తొడుగు ఒరిసి రాగి ఎక్కడో ఇనుముకు తగులుతోంది. అక్కడ సిగరెట్ పెట్టె రేకో, వైరు ముక్కో చుట్టడం ప్రమాదాన్ని పిలవడమే. కాలాల్సిన ఫ్యూజు కాలకపోతే మంట వైరులో పుడుతుంది, ట్రాలీ మీద అప్పుడు వరిగడ్డి ఉండొచ్చు. షార్టును వెతికేందుకు ఫ్యూజుల్ని ఖర్చు చేయనక్కర్లేదు. ఫ్యూజు తీసి, ఆ రెండు కొసల మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి, ట్రాలీ బల్బులన్నీ ఊడదీసి, స్విచ్చు వేయాలి. షార్టు ఉంటే ల్యాంపు పూర్తి కాంతితో వెలుగుతుంది, వైర్లకు ఏ హానీ జరగదు. అలా వెలుగుతుండగానే వైరును అంగుళం అంగుళం కదుపుతూ పోతే, ఎక్కడ కదిపినప్పుడు ల్యాంపు ఆరిందో ఒరుసుకున్న చోటు అదే.

ఎల్‌ఈడీ లైట్లు ఈ లెక్కలన్నింటినీ కొంత మార్చాయి. ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో తయారుచేశాడు. ఫిలమెంటు బల్బు తెల్లటి వెలుగంతా చేసి, ఎర్ర అద్దం దాన్ని వడగట్టి ఎక్కువ భాగం పారేస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ కావలసిన ఎరుపునే చేస్తుంది, అందుకే రెండు మూడు వాట్లతో పని జరిగిపోతుంది. తక్కువ కరెంటు కాబట్టి సన్నవైరులోనూ నష్టం తక్కువ, గతుకులకు తెగే ఫిలమెంటూ లేదు. ట్రాలీకి ఇంతకన్నా మంచి లైటు లేదని చెప్పవచ్చు. ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం వెలగదు. పాత ఫ్లాషరుతో కలిపితే కరెంటు చాలక ఇండికేటరు వేగం తప్పుతుంది, ఫ్లాషరు కూడా మార్చాలి. పైగా చిలుము పట్టిన ఎర్తు మీద కూడా ఎల్‌ఈడీ చాలాకాలం వెలుగుతూ జబ్బును దాచిపెడుతుంది.

బ్యాటరీ పడిపోయి రోడ్డు పక్కన ఆగిన ట్రాలీకి ఏ లైటూ దిక్కు కాదు. అక్కడ పనికొచ్చేది వెనక తలుపు మీద అంటించే ఎర్ర రేడియం పట్టీ. పేరే కానీ అందులో రేడియం లేదు. సన్నటి గాజు పూసలు గానీ, పట్టకాల్లాంటి మడతలు గానీ అందులో ఉండి, వచ్చిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి, అందుకే హెడ్‌లైటు వేసినవాడి కంటికి మెరుస్తుంది. బురద పడితే మెరవదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. లైటు అద్దాలకూ అదే గుడ్డ. వడ్లు ఎత్తకముందు, పొద్దు గూకకముందు ఒకరు సీటు మీద కూర్చుని టెయిల్ వేసి, బ్రేకు తొక్కి, రెండు ఇండికేటర్లూ వేస్తుంటే, మరొకరు ట్రాలీ వెనక ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూడాలి. దీనికి పట్టేది రెండు నిమిషాలు.